శనివారం బియ్యం

మా బైబిలమ్మగారు పోయారు.

మొన్న శుక్రవారం పొద్దున చర్చి గంట కాని వేళలో మోగింది. నేను చేపల చెరువు గట్టు మీద వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాను. ఆగి ఆగి కొట్టారు. మనిషి పోయినప్పుడు కొట్టే తీరు అది. ముసలాళ్ళలో ఎవరో అనుకున్నాను. మా వాడలో ముసలాళ్ళం ఇక కొద్దిమందిమే మిగిలాం. ఇంటికి వచ్చేసరికి మా కోడలు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మా చర్చి సంఘం గ్రూపులో ఆవిడ ఫోటో పెట్టి, చుట్టూ పూలు అతికించి, కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అని వేశారు.

అందరూ ఆ మాటే రాస్తారు. నేను రాయను. నిద్రపోయిన మనిషి పిలిస్తే లేచి తలుపు తీస్తుంది. ఈవిడ తియ్యలేదు. పాలు పోసే ఆవిడ పిలిచి పిలిచి, కిటికీలోంచి చూసి, పాస్టరు అయ్యగారిని తీసుకొచ్చిందట. ఆఖరి రోజున అందరితోపాటు ఆవిడా లేస్తుందని నేనూ నమ్ముతాను. ఆ రోజు వచ్చేదాకా మాత్రం నాకు పోయినట్టే.

పోయినవాళ్ళ జ్ఞాపకంగా పెట్టే ఆదరణ కూడికలో పంచే చిన్న పుస్తకానికి నన్ను నాలుగు మాటలు రాయమన్నారు అయ్యగారు. నా చదువు ఎంతో మీకు తెలుసు. తప్పులుంటే అచ్చు వేసేవాళ్ళు దిద్దుకుంటారు. విషయం మాత్రం దిద్దొద్దని చెప్పాను.

ఏలూరు నుంచీ గూడెం టౌను నుంచీ కూడికకి వచ్చేవాళ్ళలో కొందరు ఆవిడని ఎరగరు. వాళ్ళ కోసం చెబుతున్నాను. బైబిలమ్మ అనేది మిషను దొరల కాలం నుంచీ మా సంఘాల్లో ఉన్న పని. పాస్టరుగారు గుడిలో చెబుతారు. బైబిలమ్మ ఇళ్ళకు వెళుతుంది. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఒక వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి మొగుడు తాగి కొట్టాడో కళ్ళారా చూసి వస్తుంది. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ పని లేదు. కొల్లేరు అంచున మూలకి ఉంది కాబట్టి మా ఊళ్ళో ఇంకా ఉండిపోయింది.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు మా ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అది దేవుడి బియ్యం. వారమంతా చేరినవాటిని శనివారం బైబిలమ్మగారు ఇల్లిల్లూ తిరిగి సంచిలో పోయించుకునేవారు. ఆదివారం గుడిలో బల్ల దగ్గర పెట్టి ప్రార్థన చేశాక, ఆ బియ్యం దిక్కులేనివాళ్ళకు వెళ్ళేవి. ఆవిడ నల్లగొడుగు, రబ్బరు చెప్పులు, భుజాన సంచి కాలవగట్టు మీద కనపడితే శనివారం అని మా కుక్కలకి కూడా తెలిసేది.

ఆవిడ సోఫాలో కూర్చునేది కాదు. “దీంట్లోకి దిగితే నన్ను లేపడానికి మళ్ళీ మీరే రావాలండీ అన్నయ్యగారూ” అనేది. నేల మీదే కూర్చుని మజ్జిగ మాత్రం పుచ్చుకునేది. పాట ఎత్తుకుంటే శ్రుతి ఉండేది కాదు. ఒకసారి నేనే అన్నాను, మీరు పాడుతుంటే కొల్లేటి కొంగలు లేచిపోతున్నాయండీ అని. “మీరు ఆమెన్ అంటే చేపలు కూడా పోతున్నాయండీ” అంది.

నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. నేను గూడెంలో రైసుమిల్లులో బస్తాలు మోసేవాడిని. ఆదివారం ఇంటికి వచ్చేవాడిని. అప్పటికే నా మీసం నెరిసింది.

“ఏవండీ అన్నయ్యగారూ, బస్తా మీద ఏం రాసుంటాదో చదవగలరా?” అని అడిగింది ఓ ఆదివారం.

“మొయ్యడానికి చదువెందుకండీ?”

“మోసేది ఎవరి సరుకో తెలుసుకోవాలి కదండీ.”

మా వాకిట్లో తారు పూసి బోర్లా వేసిన దోనె ఉండేది. దాని మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి దిద్దించింది. వీధిలో పోయేవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఎవరైనా ఈ పుస్తకం చదువుతుంటే, ఇది రాసింది నేనేనని తెలుసుకోండి.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది మా ఇంటి సంగతి. మా అబ్బాయి చెప్పొద్దన్నాడు. అది చెప్పకపోతే ఆవిడ ఏం పని చేసేదో ఎవరికీ తెలియదు.

మావాడు మా వరిచేను తవ్వించి చేపల చెరువు చేశాడు. మేత డీలరు అయ్యాడు. పెద్ద ఇల్లు కట్టాడు. లోపల కప్పుకింద ఇంకో కప్పు, దానిలో రంగు దీపాలు. నేను వద్దనలేదు. నేను మోసిన బరువు వాడు మొయ్యకూడదని నాకూ ఉండేది. వాడికి ఒక్కతే కూతురు. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే బడివాళ్ళు దాని ఫోటో గూడెం రోడ్డులో పెద్ద బోర్డు మీద వేశారు. మావాడు ఆ బోర్డు కింద కారు ఆపి అందరం నిలబడేలా ఫోటో తీయించాడు. పైన నవ్వుతున్న పిల్ల, కింద ఎండకి కళ్ళు చికిలిస్తున్న పిల్ల, ఒకటేనని నమ్మడం కష్టంగా ఉండింది.

ఆ తర్వాత హాస్టలు కాలేజీలో వేశారు. ర్యాంకు వస్తే సీటు, సీటు వస్తే ఉద్యోగం, ఉద్యోగం వస్తే ఇక జీవితమంతా సుఖమే అన్నారు. కాలేజీ గోడల మీద అదే రాసుంది. ఏలూరు మైదానంలో ఆశీర్వాద సభ పెడితే అక్కడా అదే. వేదిక మీద దీపాలు, పొగ, కోటు వేసుకున్న ప్రసంగీకుడు. “మీ పిల్లలు ఈ ఏడు మొదటి వరసలో కూర్చుంటారు, గట్టిగా ఆమెన్ అనండి” అన్నాడు. అందరూ అన్నారు. మా కోడలు ఏడుస్తూ అంది.

వ్యానులో తిరిగి వస్తుంటే బైబిలమ్మగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, “అందరి పిల్లలూ మొదటి వరసలో కూర్చుంటే వెనక వరసలో ఎవరు కూర్చుంటారండీ? ప్రభువు ఒక్కరే కూర్చోవాలేమో” అంది. నాకు నవ్వొచ్చింది కాని కోడలి మొహం చూసి ఆపుకున్నాను.

ఇంకోసారి, ఆ ఏలూరు రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మే బోర్డు చూపించి నాతో అంది. దాని మీద ఒక కుటుంబం పచ్చగడ్డిలో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. “సంతోషం అమ్మేవాడు ముందు మనకి సంతోషం లేదని నమ్మించాలండీ. ఆ మాట నమ్మామంటే సగం బేరం అయిపోయినట్టే. మన ప్రభువు అలా బేరం పెట్టలేదు. సిలువ మొయ్యాలని ముందే చెప్పేశారు, ఆపైన తోడుంటానన్నారు. అందుకే ఆయన దగ్గర రద్దీ తక్కువ.”

పరీక్షకి ముందు ఆదివారం మా సంఘంలో పిల్లల హాల్‌టికెట్లూ పెన్నులూ బల్ల మీద పెట్టి ప్రార్థన చేయించడం అలవాటు. అయ్యగారు పక్క ఊరు వెళ్ళడంతో ఆ రోజు బైబిలమ్మగారే చేశారు. మా కోడలు పిల్ల హాల్‌టికెట్టు అన్నిటికంటే పైన పెట్టింది. ఆవిడ కాగితాల మీద చెయ్యి పెట్టలేదు. వచ్చి పిల్లల నెత్తుల మీద ఒక్కొక్కరికీ పెట్టింది. మా పిల్ల దగ్గరికి వచ్చేసరికి కాస్త ఎక్కువసేపు ఆగింది.

“తండ్రీ, ఈ బిడ్డ రాసి రానీ, రాయలేక రానీ, ఇంటికి రానీ. వచ్చి కూర్చుని అన్నం తిననీ.”

అంతే ప్రార్థన. కోడలు ఆవిడని గుడి మెట్ల మీదే పట్టుకుంది.

“హాల్‌టికెట్టు మీద చెయ్యి పెట్టలేదేంటండీ?”

“పరీక్ష రాసేది కాగితం కాదు కదమ్మా.”

“రాయలేక రానీ అంటారా ఎవరైనా? పిల్ల వెళ్ళే ముందు ఆ మాట ఏంటండీ?”

“ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూశావా అమ్మా? వణుకుతోంది.”

ర్యాంకు రాలేదు. ఆ ప్రార్థన వల్లే రాలేదని మా కోడలు నమ్మింది. మా వాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు ఇది. రాసింది పిల్ల, దిద్దింది ఎవరో, తప్పు మాత్రం ప్రార్థన చేసిన ముసలమ్మది. మావాడు పిల్లని మళ్ళీ అదే హాస్టలుకి ఇంకో ఏడాదికి పంపాడు. శనివారం బియ్యం మా ఇంట్లో మానేశారు. సంఘం వాళ్ళు అప్పటికే గుడి గోడకి ఫోనుతో కానుక పంపే గళ్ళబొమ్మ అంటించారు. కోడలు దానికి పంపేసేది.

అయినా శనివారం వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడేది.

“కానుక ఫోనులో పంపేశామండీ. సంఘానికి ముట్టింది.”

“సంఘానికి ముట్టిందమ్మా. నాకే ముట్టలేదు.”

“మీకేం కావాలండీ?”

“పిడికెడు బియ్యం.”

“మాది కుక్కరండీ. గ్లాసుతో కొలిచి పోస్తాం. పిడికిళ్ళు తీస్తే నీళ్ళ లెక్క తప్పిపోద్ది. అన్నం మెత్తగా అయిపోద్ది.”

“అయితే మంచిదే కదమ్మా. మీ మామగారు నమలక్కర్లేదు. ఆయన పళ్ళు నా మీద కొరకడానికి దాచుకుంటారు.”

లోపల కూర్చుని నేను అన్నీ విన్నాను. కోడలు నవ్వలేదు, గేటు తియ్యలేదు. నేను బయటికి వెళ్ళి, లోపలికి రండి, ఇల్లు నాది అన్నాను.

“ఇల్లు మీదే అన్నయ్యగారూ. గుమ్మం కోడలుగారిది. ఆవిడ రమ్మంటే వస్తాను.”

వారం వారం అలాగే వచ్చి, ఖాళీ సంచితో వెళ్ళిపోయేది. ఎవరైనా ఫోనులోనే తీసుకోవచ్చు కదండీ అంటే, “ఫోనులో అయితే మీ ఇంటికి రావడానికి నాకేం వంక ఉంటుందమ్మా” అనేది. సంఘం ఆవిడకీ ఒక ఫోను ఇచ్చింది. అది కాలవలో పడింది. బియ్యంలో పెడితే తడి లాగేసి బాగవుద్దని ఎవరో చెప్పారు. భుజాన సంచినిండా బియ్యమే. “ఇవి నావి కావమ్మా” అని ఆ ఫోను వదిలేసుకుంది.

అప్పుడొక రోజు హాస్టలువాళ్ళు ఫోను చేసి పిల్లని తీసుకుపొమ్మన్నారు. పిల్ల మేడ అంచు మీద నిలబడి ఉంటే వాచ్‌మెన్ చూసి పట్టుకున్నాడట. చదువు ఒత్తిడి, ఇంట్లో విశ్రాంతి ఇవ్వండి అన్నారు. వాళ్ళ ర్యాంకుల బోర్డు దించలేదు, గోడల మీద రాతలు చెరపలేదు. కారులో వెనక సీటులో పిల్ల నా పక్కన కూర్చుంది. ఉంగుటూరు దాటేదాకా దాని చెయ్యి పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే ఏమవుతుందోనని పట్టుకోలేదు. మూటలు మోసిన చేతులు నావి. దేనికి ఎంత బలం పెట్టాలో వాటికి తెలుసు. ఆ చేతిని ఎలా పట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చాక అది గదిలోంచి రాలేదు. ఏసీ ఉంది, మంచి ఫోను ఉంది, అడగకుండానే తండ్రి ఏదో ఒకటి తెచ్చి పెడుతున్నాడు. అన్నం పళ్ళెం వెళ్ళినట్టే వెనక్కి వచ్చేది. ఏలూరులో డాక్టరమ్మకి చూపించారు, మాత్రలు ఇచ్చింది. ఎవరైనా అడిగితే మళ్ళీ పరీక్షకి ప్రిపేర్ అవుతోంది అని మావాడు చెప్పేవాడు. ఒకసారి చెరువుగట్టు మీద నా పక్కన కూర్చుని, “దానికి అన్నీ ఇచ్చాను నాన్నా” అన్నాడు.

“ఇచ్చావురా.”

“ఇంకేం ఇవ్వాలి?”

 

ఆ గది కిటికీ గేటు వైపు ఉంది. శనివారం ఆవిడ వస్తుంటే అది చూస్తోందని మాకెవరికీ తెలియదు. కోడలు గేటు తియ్యకపోతే ఆవిడ గొడుగు వేసుకుని గేటు పక్క అరుగు మీద కాసేపు కూర్చుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుని లేచిపోయేది. ఎండలోనూ వానలోనూ అదే.

ఒక శనివారం పిల్ల గదిలోంచి వచ్చింది. జుట్టు అట్టలు కట్టి ఉంది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది. పిడికిలి నింపుకుని హాలు మీదుగా, మా మధ్యనుంచే గేటు దాకా నడిచింది. దారి పొడుగునా గింజలు రాలాయి. కోడలు లేవబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

బైబిలమ్మగారు సంచి నోరు తెరిచి పట్టుకుంది. వాక్యం చెప్పలేదు. ఎలా ఉన్నావని అడగలేదు.

“వచ్చే శనివారం వస్తానమ్మా బుల్లీ. ఉంటావుగా?”

ఆవిడ సంచి అలాగే పట్టుకుని నిలబడింది.

“ఉంటానండీ.”

అప్పటినుంచీ ప్రతి శనివారం అంతే. అది పిడికెడు బియ్యం తెస్తుంది. ఆవిడ అడుగుతుంది, అది ఉంటానంటుంది. కొన్నాళ్ళకి శుక్రవారం రాత్రి పెరుగన్నం తినడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకి శనివారం పొద్దున తల దువ్వుకునేది. మిగతా రోజులు మళ్ళీ తలుపు వేసే ఉండేది. ఇది అద్భుతం అని ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్ల బాగుపడలేదు. ఒక శనివారం నుంచి ఇంకో శనివారానికి దాటుతోంది, అంతే. మా కోడలు గేటు తీసి పెట్టేది. రండి అని ఒకసారి నోటితో కూడా అంది.

నాకు ఓపిక తక్కువ. ఒక శనివారం కాలవగట్టు మీద కూర్చుని, ఆవిడ వస్తుంటే ఆపి అడిగాను.

“ఏవండీ, ఒక వాక్యం లేదు, ప్రార్థన లేదు. పిడికెడు బియ్యం పట్టుకుపోతున్నారు. పిల్లకి ఏదైనా చెప్పండి.”

“దానికి చాలామంది చాలా చెప్పారండీ అన్నయ్యగారూ. చెవులు నిండిపోయి ఉన్నాయి. చేతులే ఖాళీగా ఉన్నాయి. ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు, ర్యాంకు తప్ప. నేను బియ్యం అడుగుతున్నాను. అది ఇవ్వగలిగింది.”

“మాత్రలు మానిపించమంటారా?”

“అయ్యో, అదేం మాటండీ. డాక్టరమ్మ చేతిలోనూ దేవుడే ఉన్నాడు. వెయ్యండి.”

“మరి బాగుపడుద్దా?”

“నాకు తెలీదండీ.”

“ఇన్నేళ్ళు దేవుడి పని చేసి తెలీదంటారేంటండీ?”

ఆవిడకి కోపం రావడం నేను చూడలేదు. ఆ రోజు మాత్రం గొడుగు కొన నేలకి ఆనించి నిలబడింది. “తెలిసినోళ్ళ దగ్గరికి మీరు ఏలూరు సభకి వెళ్ళారు కదండీ. వాళ్ళు చెప్పారు కదా. నేను చెప్పను. సిలువ కింద నిలబడ్డ ప్రభువు తల్లికి కూడా ఏం జరుగుద్దో ఎవరూ చెప్పలేదు. ఊరికే నిలబడింది. నాకు చాతనైందీ అదే.” అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగి, “మీరు కూడా నిలబడండి. కూర్చుని నామీద అరుస్తారేం” అంది.

ఆ శుక్రవారం గంట మోగాక, పిల్లకి చెప్పాలా వద్దా అని మావాడూ కోడలూ వంటింట్లో గుసగుసలాడుకున్నారు. డాక్టరమ్మకి ఫోను చేస్తే, దాచకండి, నెమ్మదిగా చెప్పండి, ఒంటరిగా వదలకండి అంది. నెమ్మదిగా చెప్పడం మావాడి వల్ల కాలేదు. నేనే వెళ్ళాను. నాకూ నెమ్మది తెలియదు. తలుపు తోసి, బైబిలమ్మగారు పోయారమ్మా అన్నాను.

అది మంచం మీద కూర్చుని ఉంది. “రేపు శనివారం కదా తాతా” అంది.

“అవునమ్మా.”

నేను ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ అడిగే మాట నేను అడగాలి అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ అడిగితే పిల్ల ఉంటాననేది. నేను అడిగితే ఏమంటుందో. ఏమీ అనకపోతే నేనేం చెయ్యాలి. ఈ వయసులో నన్ను భయపెట్టింది ఏదీ లేదని గర్వంగా చెప్పుకునేవాడిని. ఇప్పుడు చెప్పుకోను. అడగలేదు. ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి అడిగి ఉంటానో లేదో కూడా తెలియదు. శనివారం బియ్యం ఇక ఆపేద్దామని సంఘం కమిటీలో అనుకుంటున్నారు. తిరగడానికి మనిషి లేదు కదండీ అంటున్నారు. నిజమే. నా మోకాళ్ళు కాలవగట్టు దాటవు.

శనివారం మధ్యాహ్నం భూస్థాపన చేశాం. మా సమాధుల దొడ్డి చుట్టూ ఇప్పుడు చేపల చెరువులే. వాటిలో ఒకటి మావాడిది. మూడు వైపులా నీళ్ళు నిలబడి ఉంటే మధ్యలో నేల ఎండదు. గొయ్యి తవ్వుతుండగానే అడుగున నీరు ఊరింది. కుర్రాళ్ళు బకెట్లతో తోడారు. తోడి పోసిన నీరు పీతబొరియల్లోంచి మళ్ళీ లోపలికే వచ్చింది. పెట్టె గట్టు మీద ఉంది. అయ్యగారు పుస్తకం మూసి పట్టుకుని నీరు తగ్గేదాకా ఆగుదామన్నారు. తగ్గదని అందరికీ తెలుసు. మావాడు తన చెరువు వైపు చూడకుండా నిలబడ్డాడు.

పిల్ల వస్తుందని ఎవరూ అనుకోలేదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. పగటి వెలుతురుకి కళ్ళు సగం మూసుకునే ఉంది. గొయ్యి అంచున కాసేపు నిలబడి నీళ్ళలోకి చూసింది. తర్వాత చెప్పులు విడిచి, లోపల ఉన్న కుర్రాడు పైకి అందిస్తున్న బకెట్టు అందుకుంది. రెండు చేతులా ఎత్తి పక్కన పారబోసి, ఖాళీ బకెట్టు లోపలికి అందించింది. మళ్ళీ అందుకుంది. బురద దాని బట్టల మీద పడింది. ఊరే నీరు ఊరుతూనే ఉంది. చాలమ్మా అని అయ్యగారు అనబోయి మానేశారు. మేమంతా అలాగే నిలబడి చూస్తున్నాం. అది తోడుతూనే ఉంది.